గీత తర్వాత ఖాళీ

మోంలూసోన్, 10 మే 1987

అంజెల్ అక్కకు,

నేను బతికే ఉన్నాను. ముందు ఈ ముక్క రాయాలి. నిన్న మన ఊళ్ళో చూసింది చూశాక నాకే అనుమానం వచ్చింది.

మా సైకిలు క్లబ్బు వాళ్ళు వేసవి యాత్రకి దారి వెతికే పని నాకు అంటగట్టారు. ఫ్యాక్టరీ వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి కదా, అందరికీ లోకువ. లారీ అన్నది కంటబడని రోడ్లు కావాలట. మ్యాపులో సన్నటి తెల్లగీతలుగా ఉంటాయే, అవి. ఆ రోడ్లు మనకంటే ఎవరికి తెలుసు? వాటి గుంతలు పూడ్చడం నాన్న ఉద్యోగం. అందుకని నలుగురం బయల్దేరి వెర్నోల్ వైపు వచ్చాం. ఎండ మండిపోతోంది, సీసాలన్నీ ఖాళీ. ఏ ఊళ్ళో అయినా సైకిలువాడు నీళ్ళకి పోయేది సమాధుల తోటకే. అక్కడి కొళాయికి తాళం ఉండదు, ఎందుకొచ్చావని అడిగేవాళ్ళూ ఉండరు.

నేను సీసా పడుతుంటే మా క్లబ్బు రౌల్ మన కుటుంబ సమాధి ముందు నిలబడి టోపీ తీశాడు. "లెయోన్స్, ఒకసారి ఇటు రా. ఇది నువ్వేనా?" అన్నాడు.

నేనే. అమ్మ పేరు కింద కొత్త బంగారు రంగు అక్షరాల్లో "లెయోన్స్ పెరిశార్, 1930" అని ఉంది. పక్కన ఒక గీత. గీత తర్వాత నున్నటి ఖాళీ. ఆ ఖాళీ చూసి సీసా జారవిడిచాను అక్కా. మిగతా ముగ్గురికీ మాత్రం భలే కాలక్షేపం. నా సైకిలు ఎవరు తీసుకోవాలో తిరుగు ప్రయాణం అంతా వాదించుకున్నారు.

తిన్నగా నీ ఇంటికి వచ్చాను. తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. "శనివారం కదా, ఆవిడ ఉండదు" అంది పక్కింటావిడ, అదేదో ఊరంతటికీ తెలిసిన సంగతైనట్టు. శనివారాలు నువ్వెక్కడికి పోతావు? పక్క ఊరు లా ఫే కూడలిలో ఆల్సేస్ ఎడ్వార్ సైకిలు రిపేరు కొట్టు కూడా మూసి ఉంది. నా వెనక చక్రం బెండు తిరిగి ఊగుతోంది, ఇంటిదాకా బ్రేకుకి రాసుకుంటూనే వచ్చాను.

నన్నడక్కుండా నన్నెందుకు రాతికెక్కించావు? వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు,
ఇంకా నేల మీదే ఉన్న లెయోన్స్


వెర్నోల్, 17 మే

లెయోన్స్‌,

బతికి ఉన్నానని రాసినందుకు సంతోషం. మార్చిలో నీ పుట్టినరోజుకి నేను ఉత్తరం రాయలేదని అలిగిన దగ్గర్నుంచి నీ క్షేమ సమాచారమే లేదు.

ఇందులో అంత గుండెలు బాదుకోవలసింది ఏముంది? ఇక్కడ ఎవరు చెక్కించుకోవడం లేదు? పోస్టాఫీసు వెనకింటి ముసలావిడ ఇరవై ఏళ్ళుగా తన పేరు ముందే పూలకుండీ పెట్టి నీళ్ళు పోసుకుంటోంది, ఇంకా రాయిలా ఉంది. మేయరు ఆఫీసు వాళ్ళు మన సమాధి స్థలం గడువు పొడిగించాలన్నారు, మిగిలిన చోటు ఎవరికని అడిగారు, నీకని చెప్పాను. రాళ్ళు చెక్కే బర్దో ఎలాగూ ఈ చుట్టుపక్కల పని మీద తిరుగుతున్నాడు. పనిముట్లు చేతిలో ఉన్నప్పుడే చెక్కమన్నాను. ముందుగా నీకు చెప్పి ఉండాల్సింది, నిజమే. ఫోను చేస్తే నువ్వు అరిచి పెట్టేస్తావు, అందుకే ఊరుకున్నాను.

ఎడ్వార్ ఫిబ్రవరిలో చనిపోయాడు. కొట్టు ఇక తెరవరు.

నీ చక్రానికి ఇంకొకరు అక్కర్లేదు. రిమ్ము ఏ వైపు బ్రేకుకి రాసుకుంటోందో ఆ వైపు స్పోకులు కొద్దిగా వదులు చెయ్యి, ఎదుటివైపువి అంతే బిగించు. ఒకేసారి తిప్పెయ్యకు. తిప్పి, చక్రం తిరగనిచ్చి, చూసి, మళ్ళీ తిప్పు. ఓపిక పట్టాలి, అది నీకు లేదని తెలుసు.

యాత్రకి రంపపు మిల్లు వెనక రోడ్డు మంచిది. దుంగల లారీలన్నీ పెద్ద రోడ్డునే పోతాయి. చెస్ట్‌నట్ చెట్ల కింద మొదటి మలుపులో కంకర లేచింది, నెమ్మదిగా దిగండి.

నా మోకాలు ఫరవాలేదు. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను.

అంజెల్


మోంలూసోన్, 24 మే

అక్కా,

నువ్వు తేలిగ్గా తీసిపారేశావు గానీ ఇక్కడ నా సంసారం కూలేట్టుంది.

నీ ఉత్తరం బల్లమీద పెట్టాను, జినెత్ చదివింది. కుట్టుమిషను గదిలో పక్క వేసుకుంది. మూడో రోజు సూపు గిన్నె నా ముందు పెట్టి, "మీ వాళ్ళ మధ్య మీరు పడుకోండి. నన్ను ఏ గోతిలో పారేస్తారో మీ అక్కనే అడగండి" అంది. ముప్పై మూడేళ్ళు నా పక్కన ఉన్న మనిషిని నువ్వు రాతి మీద లేకుండా చేశావు. తను మీకు ఎప్పుడూ నచ్చలేదని, బతికుండగా విడదీయలేక చచ్చాక విడదీస్తున్నారని ఆమె మాట. నేనేం చెప్పను? రాతిమీద నా పేరు ఒక్కటే ఉంది మరి.

ఇంకో సంగతి సూటిగా అడుగుతున్నాను. ఏప్రిల్లో నాకు గుండె పరీక్ష చేశారు. బాగానే ఉందన్నారు. ఆ డాక్టరు మన ఊరివాడే, నీకు తెలిసినవాడే. నాతో ఒకటి చెప్పి నీతో ఒకటి చెప్పాడా? ఆ గీత తర్వాత అంకె నీకు తెలుసా? కొండ ఎక్కేటప్పుడల్లా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నాను. రౌల్ నన్ను "స్వర్గీయుడు" అని పిలుస్తున్నాడు. మొదట్లో నవ్వాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఎడ్వార్ పోయాడంటే బాధేసింది. అంత మంచి చెయ్యి ఇంకెక్కడా లేదు. నువ్వు చెప్పినట్టు చేస్తే చక్రం తాడు కట్టినట్టు తిన్నగా వచ్చింది. నువ్వు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?

లెయోన్స్


వెర్నోల్, 2 జూన్

పిచ్చివాడా,

డాక్టరు నాతో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నీ గుండె ఎద్దు గుండె. ఛాతీ మీంచి చెయ్యి తీసి హ్యాండిలు పట్టుకో, పడతావు.

జినెత్‌కి ఇది చదివి వినిపించు. సమాధిలో మిగిలింది ఒక చోటు కాదు, రెండు. ఒకటి నీకు, రెండోది ఆమెకి. రెండు పేర్లూ చెక్కమనే బర్దోకి చెప్పాను. అతను పుట్టిన సంవత్సరం అడిగాడు, అక్కడే ఆగిపోయింది. పెళ్ళినాడు జినెత్ అమ్మతో 1931 అని చెప్పింది. నీ రిటైర్‌మెంటు విందులో ఆమె చెల్లెలు ఇంకో మాట చెప్పింది, వెంటనే బల్లకింద కాలు తొక్కించుకుంది. నేను ఏది చెక్కించను? రాతిమీద తప్పు పడితే రబ్బరు పెట్టి చెరపలేం. అందుకే ఆపించాను. నిన్ను అడుగుదామనుకునేలోపు నువ్వు సీసా పట్టుకుని అక్కడికి దిగావు.

జినెత్‌ని విడదీయాలని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇద్దరు మనుషుల్ని ఎవరైనా విడదీస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ సంవత్సరం ఏదో రాసి పంపు. బర్దో జులైలో మళ్ళీ వస్తాడు.

అంజెల్


మోంలూసోన్, 9 జూన్

అక్కా,

చదివి వినిపించాను. జినెత్ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఇల్లు కూలినా ఈ సంగతి బయటపెట్టనని పెళ్ళినాడు మాటిచ్చాను, అయినా నీకు చెబుతున్నాను, చదివి పొయ్యిలో పడెయ్యి. 1923. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాకదెప్పుడూ అడ్డు కాలేదు. కానీ ఆ అంకె గ్రానైటు మీద, వెర్నోల్ ఆడవాళ్ళంతా కుండీలు పట్టుకుని తిరిగే చోట? "దానికంటే రోడ్డు పక్క కాలవలో పడుకుంటాను" అంది. 1931 అని చెక్కితే ఏం పోతుందంటోంది. ఏదో ఒకటి అవుతుందిలే అని నేనూ నవ్వేశాను.

తర్వాత పక్కమీద పడుకుని లెక్క వేసుకున్నాను. రెండు చోట్లు. ఒకటి నాది, ఒకటి జినెత్‌ది. ఒక్కసారిగా లేచి కూర్చున్నాను.

మరి నీకేదీ?

ఆ సమాధి అమ్మ కొన్నది. రెండు చోట్లలో ఒకటి నీదని అమ్మ పోయినప్పుడు కూడా అనుకున్నాం. పుట్టిన ఊరు వదలకుండా, అమ్మానాన్నల సమాధి తుడుస్తూ ఇన్నేళ్ళున్నదానివి నువ్వు. నీ చోటు మాకెందుకు ఇచ్చేశావు? నీకు జబ్బేమైనా చేసిందా? మఠంలో చేరుతున్నావా? నా మీద ఏమైనా కోపమా? సైకిలు బయటికి తీయలేదు. నువ్వు నిజం రాసేదాకా తీయను.

లెయోన్స్


వెర్నోల్, 15 జూన్

తమ్ముడూ,

నాకు జబ్బు లేదు, నీ మీద కోపమూ లేదు. జవాబు రాయడానికి కూర్చుని ఎన్ని కాగితాలు చింపానో. రాయలేను. నువ్వే వెళ్ళి చూడు.

ఈ శనివారం బయల్దేరు. ఒక్కడివే వెళ్ళు, రౌల్‌ని తీసుకుపోకు. వెర్నోల్లో ఆగొద్దు, నేను ఇంట్లోనే ఉంటాను గానీ నా దగ్గరికి రావద్దు. రంపపు మిల్లు వెనక తెల్లరోడ్డు ఎక్కు. చెస్ట్‌నట్ చెట్లు దాటాక రోడ్డు వాగులోకి దిగుతుంది. అక్కడ జర్మన్లు నాన్నని కాల్చి చంపిన వంతెన వస్తుంది. నాన్న పేరున్న పలక మీద ఈ నెల పెట్టిన పూలు ఇంకా ఉండాలి, మేయరు పెట్టించాడు. వంతెన దాటి రాతి సిలువ దగ్గర ఎడమకి తిరుగు. అక్కణ్ణుంచి లా ఫే దాకా నీకు కారు కనబడితే అది దారి తప్పిన కారు. పెద్ద రోడ్డు మీదుగా కూడా లా ఫే పోవచ్చు, అందులో ఆ వంతెన తగలదు. నేను మాత్రం ఎప్పుడూ వంతెన మీదుగానే వెళ్ళాను.

లా ఫే సమాధుల తోటలో కొళాయి గేటు పక్కనే ఉంటుంది. గోడవారగా చివరి రాయి. సీసా నింపుకున్నాక చూడు, ముందు చూడకు.

అంజెల్


మోంలూసోన్, 21 జూన్

అంజెల్‌,

చూశాను.

"ఎవాల్డ్ బ్రింక్‌మన్. బ్రెమెన్ 1922 – లా ఫే 1987." దాని కింద "అంజెల్ పెరిశార్, 1926", ఒక గీత.

ముందు అర్థం కాలేదు. ఈ బ్రింక్‌మన్ ఎవడు అనుకున్నాను. రాతి మీద గుండ్రటి చిన్న ఫోటో ఉంది. ఎడ్వార్. నా చక్రాలు బాగుచేసిన ఎడ్వార్. పదేళ్ళుగా కొట్టులో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిన ఆల్సేస్ ఎడ్వార్. ఆల్సేస్ లేదు, ఏమీ లేదు. జర్మనీ వాడు.

ఆ రాయినీ, నీ పేరునీ, మళ్ళీ ఆ ఫోటోనీ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాన్నని ఆ వంతెన మీదనుంచి తోపుడు బండిలో ఇంటికి తెచ్చింది మనిద్దరం. నువ్వు ముందు లాగావు, నేను వెనక తోశాను. నాన్న బూటు ఒకటి రోడ్డుమీద పడిపోతే నువ్వే ఆగి తీశావు. నీ చేతులతోనే. ఆ నువ్వు. వాళ్ళలో ఒకడితో. అదీ ఆ వంతెన మీదుగా వెళ్ళి.

అమ్మకి తెలుసా? ఊరికి తెలుసా? నేనొక్కణ్ణే వెర్రివెధవనా?

సీసా నింపుకోలేదు. అక్కడి నీళ్ళు నాకొద్దు. ఎండిన నోటితో ఇంటికొచ్చాను. జినెత్ ఏమైందని అడుగుతోంది, చెప్పలేదు.

జవాబు రాయనక్కర్లేదు.

లె. పె.


వెర్నోల్, 28 జూన్

లెయోన్స్‌,

వద్దన్నావు గానీ రాస్తున్నాను. తర్వాత పొయ్యిలో వేసుకో.

యుద్ధం అయ్యాక ఖైదీలని నాన్న రోడ్ల మీద పనికి పెట్టారు, గుర్తుందా? నాన్న పార ఒక జర్మన్ చేతిలో కనిపించింది. పిడి మీద నాన్న కాల్చిన గుర్తు ఉంది కదా, వెంటనే పోల్చాను. వెళ్ళి లాక్కున్నాను, తిట్టాను. మర్నాడు అతను వేరే పార అడగలేదు, రాళ్ళు చేతులతో ఏరి గుంతలో పోశాడు. వారమంతా అలాగే చేశాడు. చేతులు చీలిపోయాయి. నేనే పార తిరిగి తీసుకెళ్ళి ఇచ్చాను. అంతే, అలా మొదలైంది.

నాన్నని చంపినప్పుడు అతను ఆఫ్రికాలో పట్టుబడి క్యాంపులో ఉన్నాడు. ఆ మాట నీకు ఊరట కలిగిస్తే తీసుకో. నేను దాని మీద ఆధారపడలేదు. నేను అతన్ని ప్రేమించాను. అంతకంటే చెప్పుకోవలసిన సాకు నాకు లేదు.

అమ్మకి తెలుసు. ఒక్కసారే మాట్లాడింది. "నా బల్ల దగ్గరికీ, నా సమాధిలోకీ అతన్ని తేవద్దు. మిగతాది నీ ఇష్టం" అంది. సరేనన్నాను. అతను వెర్నోల్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. శనివారాలు నేనే వెళ్ళేదాన్ని. ప్రతిసారీ వంతెన దగ్గర సైకిలు దిగి, దాటేదాకా నడిచేదాన్ని, వానలో కూడా. అమ్మ పోయినా మాట పోలేదు కదా. అతన్ని నాన్న పక్కకి తేలేను, అతను లేనిచోట నేను పడుకోలేను. అందుకే నా చోటు మీకిచ్చాను.

ఆల్సేస్ మాట అతను చెప్పలేదు. యాస విని, జర్మనీ సరిహద్దు పక్కనున్న మన ఆల్సేస్ వాడని ఎవరో అనుకున్నారు, అతను కాదనలేదు. చివరి రోజుల్లో, "రాతి మీదైనా మా ఊరి పేరు ఉండనివ్వు" అని అడిగాడు.

ఫిబ్రవరిలో పాతిపెట్టాం. మంచు కలిసిన వాన. పాదిరి, బర్దో, పక్క పొలంవాళ్ళు ఇద్దరు. అది అయ్యాక సైకిలెక్కి ఇంటికొచ్చి, తడిబట్టలతో వంటింట్లో కూర్చున్నాను. ఎవరికి చెప్పను? నాలుగు రోజుల్లో నీ పుట్టినరోజు. కార్డు కొన్నాను, పెన్ను పట్టుకుంటే చెయ్యి సాగలేదు. నాకు మొగుడు పోయాడు లెయోన్స్, ఒక్కరు కూడా అయ్యో అనలేదు.

నీకు నా పక్క ఊళ్ళో పడుకోవడం కూడా సిగ్గనిపిస్తే చెప్పు, నీ పేరు చెక్కిన చోట బర్దో చేత నునుపు చేయిస్తాను.

అంజెల్


మోంలూసోన్, 12 జులై

అక్కా,

నీ ఉత్తరం మడిచి రిపేరు సామాన్ల డబ్బాలో దాచాను. జినెత్ పట్టుకుంది. వాకిట్లో నిలబడే చదివింది, చదివి లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. "అయిదు నెలలై వదిన ఒక్కతే కూర్చుని ఉంది. మీరు చక్రం గురించి రాశారు" అంది. అంతే, ఆ రాత్రి ఇద్దరం భోజనం చేయలేదు.

నా కోపం పోయిందని రాయను. ఆ తోపుడు బండి చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఇన్ని రోజులూ ఇంకొకటి కూడా గుర్తొస్తోంది. నేను కొట్టుకి వెళ్ళినప్పుడల్లా అతను చక్రం సరిచేస్తూ తల ఎత్తకుండా, "మీ అక్కగారి మోకాలు ఎలా ఉంది?" అని అడిగేవాడు. మర్యాదకి అడుగుతున్నాడనుకుని, ఏమో, బాగానే ఉందనుకుంటాను అనేవాణ్ణి. శనివారం నిన్ను చూసినవాడు మంగళవారం నా నోట నీ మాట వినాలని అడిగేవాడని ఇప్పుడు తెలిసింది. నేను ఒక్కసారి కూడా సరైన జవాబు చెప్పలేదు.

శనివారం నీది కాబట్టి మేము శుక్రవారం వెళ్ళాం. రౌల్ దగ్గర ఇద్దరు తొక్కే జంట సైకిలు అడిగి తెచ్చాను. జినెత్‌కి అరవై నాలుగు, సైకిలెక్కి ముప్పై ఏళ్ళయింది, ఎత్తు వచ్చినప్పుడల్లా నన్నూ రోడ్డు వేసినవాళ్ళనీ కలిపి తిట్టింది. నాన్ననే తిడుతున్నావు అని చెప్పాను. వంతెన దగ్గర ఇద్దరం దిగాం. దాటేదాకా నడిచాం. రాతి సిలువ దాటాక గాలి, పిట్టలు, మా గొలుసు చప్పుడు తప్ప ఏమీ లేవు.

లా ఫేలో జినెత్ కొళాయి దగ్గరి పూలకుండీల చెంబు తీసుకుని, నీ జెరేనియం మొక్కలకి నీళ్ళు పోసింది. ఎండు ఆకులు గిల్లింది. తర్వాత ఆ రాయి మీది అక్షరాలు వేలితో ఒక్కొక్కటే తడిమింది. ఊరి పేరు దగ్గర ఆగింది. నావైపు తిరక్కుండానే, "ఆయన జర్మన్లని తిట్టుకునే ఈ దేశంలో బ్రెమెన్ అని చెక్కించుకున్నాడు. నేను ఒక అంకెకి భయపడుతున్నాను. మీ అక్కకి రాయండి, 1923 అని చెక్కమనండి" అంది.

అందుకని బర్దోకి చెప్పు, 1923. నా పేరు నునుపు చేయించొద్దు.

యాత్రకి దారి ఖాయం చేశాను. రంపపు మిల్లు వెనకనుంచి, వంతెన మీదుగా, లా ఫే దాకా. వచ్చే శనివారం ఆ దారినే నీతో వస్తాం, నువ్వు ఒప్పుకుంటే. జినెత్ ప్లమ్ పళ్ళ కేకు తెస్తుంది.

నీకు ఇంత కష్టం వచ్చిందని నాకు ఫిబ్రవరిలో తెలిసి ఉండాల్సింది అక్కా. అయ్యో అని ఇప్పుడు అంటున్నాను. ఆలస్యమైంది, తీసుకో.

వచ్చేటప్పుడు ఎండ బాగా ఎక్కింది. సీసాలు రెండూ బావ దగ్గరే నింపుకున్నాం.

నీ తమ్ముడు
లెయోన్స్